కస్టడీ మరణాలపై విచారణ - నిష్పాక్షికతకు చట్టం కల్పించిన రక్షణ

అసహజ పరిస్థితులలో ఒక వ్యక్తి మరణించినపుడు అందుకు గల కారణాన్ని నిర్ధారించడం ప్రభుత్వ బాధ్యత. ఆత్మహత్య, ప్రమాదం, హత్య లేదా అనుమానాస్పద మృతి గురించి సమాచారం అందిన వెంటనే పోలీసు అధికారి ఘటనాస్థలానికి వెళ్ళి, కనీసం ఇద్దరు స్థానిక పెద్దమనుషుల సమక్షంలో శవ పంచనామా జరుపుతారు. మృతదేహంపై గల గాయాలను నివేదికలో నమోదు చేస్తారు. మరణకారణంపై సందేహం ఉన్న పక్షంలో పోస్టుమార్టంకు పంపుతారు.

అయితే పోలీసుల నిర్బంధంలోనే మరణం సంభవించి, విచారణ కూడా ఆ శాఖే జరిపితే నివేదికను మృతుని కుటుంబం విశ్వసించడం కష్టం. తన చర్యపై తానే తీర్పు చెప్పుకొనే పరిస్థితి ఏ అధికారికీ రాకూడదన్నది సహజ న్యాయసూత్రం.

ఇతర దేశాలలోనూ ఇదే సమస్య

అమెరికాలోని అనేక కౌంటీలలో మరణకారణాలను విచారించే అధికారిని కరోనర్ అంటారు. కాలిఫోర్నియా రాష్ట్రంలోని అత్యధిక కౌంటీలలో శాంతిభద్రతలను పర్యవేక్షించే షెరీఫే కరోనర్‌గా కూడా వ్యవహరిస్తూ వచ్చారు. 2017లో శాన్ వాకీన్ కౌంటీలో షెరీఫ్ తమ విధులలో జోక్యం చేసుకుంటున్నారని ఆరోపిస్తూ ఇద్దరు ఫోరెన్సిక్ వైద్యులు రాజీనామా చేశారు. దరిమిలా 2018లో ఆ రెండు బాధ్యతలను వేరుచేయాలని కౌంటీ పాలకమండలి నిర్ణయించింది. అదే సంవత్సరం పెద్ద కౌంటీలలో ఈ వైరుధ్యాన్ని నివారించేందుకు రాష్ట్ర శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ తిరస్కరించారు.

మన చట్టంలో మార్పులు

భారతదేశంలో ఈ సమస్యకు పరిష్కారం దశలవారీగా రూపుదిద్దుకొంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 176వ సెక్షన్ ప్రకారం పోలీసు కస్టడీ మరణాలపై విచారణ బాధ్యత ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లకు ఉండేది. రెవెన్యూ డివిజనల్ అధికారులు, తహసీల్దార్లు ఈ విచారణలు జరిపేవారు. వీరు పోలీసు శాఖకు చెందకపోయినా, ప్రభుత్వ పాలనా యంత్రాంగంలో భాగమే. ఈ నేపథ్యంలో పార్లమెంటు 2005లో కోడ్‌ను సవరించి, న్యాయవ్యవస్థకు చెందిన జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణను తప్పనిసరి చేసింది. ఈ సవరణ 2006 జూన్ 23 నుండి అమలులోకి వచ్చింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్‌లోనూ మేజిస్ట్రేట్ విచారణ నిబంధన కొనసాగుతోంది.

ముఖ్యాంశాలు

* పోలీసు కస్టడీలో గానీ, కోర్టు ఆదేశంపై జైలు వంటి ఇతర నిర్బంధంలో గానీ ఉన్న వ్యక్తి మరణించినా, అదృశ్యమైనా, నిర్బంధంలోని మహిళపై అత్యాచారం జరిగినట్లు ఆరోపణ వచ్చినా మేజిస్ట్రేట్ విచారణ జరపాలి. ఇది పోలీసు దర్యాప్తుకు అదనం.

* మరణం సంభవించిన 24 గంటలలోగా మృతదేహాన్ని సివిల్ సర్జన్ లేదా ప్రభుత్వం నియమించిన అర్హుడైన వైద్యుని పరీక్షకు పంపాలి. సాధ్యం కాని పక్షంలో కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి.

* వీలైనంతవరకు తల్లిదండ్రులు, సంతానం, సోదరీ సోదరులు, భార్య లేదా భర్తకు విచారణ సమాచారం తెలియజేసి, హాజరయ్యేందుకు అనుమతించాలి.

* మృతదేహాన్ని అప్పటికే ఖననం చేసి ఉంటే, అవసరమని భావించిన పక్షంలో మేజిస్ట్రేట్ దానిని వెలికితీయించి పరీక్ష జరిపించవచ్చు.

ఇవిగాక, కస్టడీ మరణాల సమాచారాన్ని 24 గంటలలోగా తమకు పంపాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 డిసెంబరులోనే అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.

కుటుంబ సభ్యులు తెలుసుకోవలసినది

మేజిస్ట్రేట్ విచారణ అంటే నేరనిర్ధారణ కాదు. మరణానికి దారితీసిన పరిస్థితులను స్వతంత్రంగా నమోదు చేయడమే దీని ఉద్దేశం. దోషులకు శిక్ష విధించాలంటే వేరుగా కేసు, న్యాయస్థానంలో విచారణ జరగవలసిందే. అయినప్పటికీ తొలి గంటలలో నమోదయ్యే సాక్ష్యమే తదుపరి చర్యలకు ఆధారమవుతుంది. కావున కుటుంబ సభ్యులు విచారణకు హాజరై, తమకు తెలిసిన విషయాలను మేజిస్ట్రేట్ దృష్టికి తీసుకురావడం ముఖ్యం. మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, నిర్ణీత పరిమితికి లోబడి ఆదాయం గలవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు.