ఒకే పుస్తకము, ఒకే గది

1971 ప్రాంతమున సాన్ ఫ్రాన్సిస్కో నగర పాఠశాలలలో ఇంగ్లీషు రాని చీనా సంతతి విద్యార్థులు 2,856 మంది ఉండిరి. సుమారు వేయిమందికి ఇంగ్లీషు నేర్పు అదనపు తరగతులు లభించినవి. తక్కిన పదునెనిమిదివందల మంది తమకు బోధపడని భాషలో పాఠములు వినుచు కూర్చుండిరి. అందరికీ ఒకే పుస్తకము, ఒకే గది ఇచ్చినప్పుడు అన్యాయమెక్కడిదని అధికారుల వాదము. క్రింది కోర్టులు దానిని అంగీకరించినవి. 1974 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ‘లౌ’ వ్యాజ్యమున దానిని ఏకగ్రీవముగా త్రోసిపుచ్చినది. బోధనభాష తెలియని పిల్లవానికి ఆ సమానత్వము విద్య కాజాలదని తీర్పు సారాంశము. ఆధారము రాజ్యాంగము కాదు; ప్రభుత్వధనము పుచ్చుకొను సంస్థ జాతీయమూలమునుబట్టి భేదము పాటించరాదన్న 1964 నాటి పౌరహక్కుల చట్టము.

ఎట్లు నేర్పవలెనో మాత్రము న్యాయమూర్తులు చెప్పలేదు. ఇంగ్లీషు నేర్పుట ఒక మార్గము, చీనా భాషలో బోధించుట మరియొకటి అని విడిచిపెట్టిరి. 1974లోనే వచ్చిన సమాన విద్యావకాశముల చట్టము ‘తగిన చర్య’ తీసికొనవలెనన్నది. తగినదేదో తేల్చుటకు 1981లో టెక్సాస్‌నుండి వచ్చిన ‘కాస్టనేడా’ వ్యాజ్యమున అప్పీలు కోర్టు మూడు ప్రశ్నలు వేసినది: పద్ధతికి శాస్త్రీయమైన ఆధారమున్నదా? దానికి కావలసిన ఉపాధ్యాయులను, సాధనములను సమకూర్చిరా? కొంతకాలమునకు ఫలితము కనబడినదా? కాగితముమీద చక్కగా కనిపించు పథకములు తరచుగా రెండవ ప్రశ్నయొద్దనే తడబడును.

పద్ధతులలో వివాదమంతయు మాతృభాష చుట్టును తిరుగుచున్నది. 1963లో మయామీలోని కోరల్ వే పాఠశాలలో స్పానిష్, ఇంగ్లీషు పిల్లలు ఉభయభాషలలోను చదివిరి. కాలిఫోర్నియా ప్రజలు 1998లో ఇందుకు విరుద్ధమైన శాసనమును ఓటుతో ఆమోదించిరి. సాధారణముగా ఒక సంవత్సరము ఇంగ్లీషు శిక్షణ చాలునని దాని భావము. ఆటస్థలపు ఇంగ్లీషు రెండేండ్లలో అబ్బినను, పాఠ్యపుస్తకపు ఇంగ్లీషునకు ఐదు మొదలు ఏడేండ్లు పట్టునని జిమ్ కమిన్స్ అంతకుముందే చూపియుండెను. అనువాదము చేసినవారెవరికిని ఇది వింతగా తోచదు: సంభాషణ తెలిసినవాడు తర్కము తెనిగింపగలడా? 2016లో ఆ రాష్ట్రప్రజలే ఆ నిర్బంధమును తొలగించిరి.

మన రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఏ అధికరణము మరొక దిశనుండి బయలుదేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింప యత్నించుమని అది రాష్ట్రములకు చెప్పును. మనది పిల్లవాని భాషను తలచుకొన్నది. అమెరికా చట్టము పాఠశాలభాష రాకపోవుటవలన కలుగు నష్టమును తలచుకొన్నది.

ఆ దేశమున బడిలో చేర్చునపుడు ఇంట మాటలాడు భాష ఏదని అడుగుదురు. ‘తెలుగు’ అని వ్రాయుటకు మనవారు కొందరు జంకుదురు. ఆ జంకు అనవసరము. వ్రాసినచో పిల్లవాని ఇంగ్లీషును పరీక్షింతురు. వచ్చియున్నచో ఆ విషయము అంతటితో ముగియును, రానిచో సహాయము చట్టరీత్యా లభించును, ఆ ప్రత్యేక తరగతులు వద్దనుకొను స్వేచ్ఛయు తల్లిదండ్రులకు కలదు.