పాట నెమ్మదించాలి, శ్రుతి దిగకూడదు

సంచికకు ఏదైనా రాయమని కమిటీవారు అడిగినప్పుడు, సౌండ్ ఇంజనీరుగా నాకు తెలిసినదీ, మన డాన్సు గురువులకూ తల్లిదండ్రులకూ వెంటనే పనికొచ్చేదీ ఒకటే తోచింది: సాధన కోసం పాటను నెమ్మది చేయడం. అమెరికాలో పది తెలుగు కుటుంబాలున్న ఊళ్లోనూ ఎవరో ఒకరి బేస్‌మెంటులో కూచిపూడి క్లాసు నడుస్తోంది. నట్టువాంగానికి గురువుగారున్నా, పాడేవారూ మృదంగం వాయించేవారూ వారం వారం దొరకరు. అందుకే అంతా రికార్డింగు మీదే.

వేదిక కోసం చేసిన రికార్డింగు చిన్నపిల్లల అడుగులకు అందదు. తగ్గించక తప్పదు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్’, ‘ఛేంజ్ టెంపో’ అని రెండున్నాయి. మొదటిది వేగంతోపాటు శ్రుతినీ దించేస్తుంది. ఐదున్నర శ్రుతిలో గాయని పాడిన పాటను ముప్పావు వేగానికి తెస్తే దాదాపు ఐదు స్వరస్థానాలు జారి రెండున్నరకు వస్తుంది. ఆడగొంతు మగగొంతవుతుంది, మృదంగం మొద్దుబారుతుంది. నెలల తరబడి అదే విన్న పిల్లకు అసలు పాట కొత్తగా తోస్తుంది. వాడవలసింది ‘ఛేంజ్ టెంపో’. అది కాలాన్ని సాగదీస్తుంది, శ్రుతి జోలికి పోదు. యూట్యూబులో వేగం 0.75 పెట్టినా శ్రుతి మారదు, ఇంటి సాధనకు అది చాలు.

శాతాల దగ్గర చాలామంది పొరబడతారు. 25 శాతం తగ్గించిన పాటను మళ్లీ 25 శాతం పెంచితే మొదటి వేగం రాదు, 93.75 దగ్గరే ఆగుతుంది. పైగా సాగదీసినదాన్నే మళ్లీ సాగదీస్తే మృదంగం దెబ్బలు చెదిరిపోతాయి, అడుగు ఎక్కడ పడాలో పిల్లకు తెలియదు. అందుకని 75, 85, 95 శాతం వేగాల్లో మూడు ప్రతులు కావాలంటే మూడూ అసలు ఫైలు నుంచే విడివిడిగా చేయండి. పని పూర్తయ్యేదాకా వేవ్ ఫైలుగానే ఉంచి, ఎంపీత్రీగా చివర్లో ఒక్కసారే మార్చండి.

వేగం మాట అలా ఉంచితే, నన్ను నిజంగా బాధపెట్టినది పాటను కుదించేటప్పుడు పడే కోత. ఒక ఉగాది కార్యక్రమంలో నేను సౌండ్ బోర్డు దగ్గరున్నాను. ఎవరిచేతో కుదింపించి తెచ్చిన తరంగం ట్రాకు అది. ఆది తాళం ఆవర్తనం మధ్యలో తెగి అతుక్కుంది, రెండక్షరాలు మాయం. ఇత్తడి పళ్లెం అంచున నిలబడిన అమ్మాయి అడుగులు తాళంలోనే ఉన్నాయి, పాటే తాళం తప్పింది. హాల్లో అందరూ పిల్ల తప్పిందనుకున్నారు. ఏడాది సాధన చేసిన పిల్లకు అది జరగకూడని అన్యాయం.

చరణం తీసేసినా, జతి కుదించినా పూర్తి ఆవర్తనాలే తీయాలి. నిమిషానికి 80 అక్షరాల నడకైతే ఆది తాళం ఆవర్తనం 6 సెకన్లు. కానీ కచేరీ రికార్డింగులో నడక కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, గడియారాన్ని నమ్మకండి. సాహిత్యం ఎత్తుకున్న చోటే సమం, అంటే ఆవర్తనం మొదలు, అనీ అనుకోకండి. ఎన్నో కీర్తనలు అనాగతంలో, సమం దాటాక మొదలవుతాయి. మాట చూసి కోస్తే తాళం పోతుంది. చేత్తో తాళం వేస్తూ విని, సమం మీద గుర్తుపెట్టి కోయండి. ఆడాసిటీలో ముక్కను ఎంచుకుని జెడ్ మీట నొక్కితే అంచులు జీరో క్రాసింగ్‌కు జరుగుతాయి, అతుకు దగ్గర ‘టిక్’మనదు.

ఇంకో మాట. యంత్రం సాగదీసినది చౌకకాలం కాదు. చౌకకాలంలో విద్వాంసులు స్వరాల మధ్య ఎడాన్ని గమకంతో నింపుతారు, యంత్రం ఉన్న గమకాన్నే సాగలాగుతుంది. క్షేత్రయ్య పదాలనైతే అసలు తగ్గించవద్దు. ఆయన పేరు ముడిపడిన మువ్వ కూచిపూడికి పక్క ఊరే, ఆ పదాల నిదానం మన పిల్లలు ఉన్నదున్నట్టుగా వినాలి.

కూచిపూడి కళాకారులు తామే పాడుతూ, మాట్లాడుతూ ఆడేవారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యంగారి శిష్యపరంపర ఈ దేశంలోనూ పాఠం చెబుతోంది. అంత భాగ్యం మనకున్నప్పుడు పిల్లలచేత జతులు నోటితో చెప్పించండి, ఆడే పాటను పాడించండి. మృదంగం, గాత్రం నేర్చుకుంటున్న పిల్లలూ మన మధ్యే ఉన్నారు. వచ్చే ఉగాదికి ఒక్క అంశమైనా ట్రాకు లేకుండా, వాళ్ల పాటతో, వాళ్ల వాద్యంతో ఆడిద్దాం. మైకులు పెట్టే బాధ్యత నాది.