సేవలో మగవారి వంతు

కొద్ది నెలల క్రితం అసర్ నమాజు తరువాత మా పూర్వ విద్యార్థి ఒకరు భార్యను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. తెర వెనుక కూర్చున్న ఆ సోదరి అడిగిన ప్రశ్న ఒక్కటే: "హజ్రత్, మంచాన ఉన్న అత్తమ్మపై గట్టిగా అరిచాను. దీనికి పరిహారం ఏమిటి?"

వివరాలు అడిగాము. పక్షవాతంతో ఆ పెద్దావిడ మంచం పట్టి ఎనిమిది నెలలు. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. పొలమారకుండా తల ఎత్తిపట్టి చెంచాతో తినిపించాలి. రాత్రివేళ పక్కబట్టలు మార్చాలి. అన్నీ కోడలే చేస్తున్నది. ఇన్ని నెలల్లో ఒక్క రాత్రీ నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోలేదట. తన బీపీ మాత్రలు ఎప్పుడు అయిపోయాయో కూడా ఆమెకు జ్ఞాపకం లేదు.

పరిహారం సంగతి పక్కన పెట్టి భర్తను అడిగాము: "మీరు ముగ్గురు అన్నదమ్ములు కదా, తల్లి పక్కన ఎన్ని రాత్రులు మేల్కొన్నారు?" ఆయన తల వంచుకున్నారు.

తల్లిదండ్రుల వార్ధక్యంలో విసుగు మాటైనా అనరాదన్న దివ్య ఖుర్‌ఆన్ ఆదేశాన్ని మనం ఎక్కువగా కోడళ్లకే వినిపిస్తుంటాము. ఆ ఆదేశం వచ్చింది సంతానానికి. అత్తమామల సేవ కోడలిపై షరీఅతు విధించిన బాధ్యత కాదనీ, అది ఆమె చేసే ఉపకారమనీ ధర్మవేత్తలు పలువురు స్పష్టం చేశారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోనూ సంతానమంటే కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు; కోడలి పేరు లేదు.

రోగి సేవ ఆడవారి పని అనేవారు బద్ర్‌ను గుర్తు చేసుకోవాలి. హిజ్రీ 2లో సైన్యం బయలుదేరినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) దైవప్రవక్త (స) ఆదేశంపై, జబ్బుపడిన భార్య హజ్రత్ రుఖయ్య (రజి) వద్ద మదీనాలోనే ఉండిపోయారు. ఆమె కోలుకోలేదు. అయినా ఆయనకు బద్ర్‌లో పోరాడినవారితో సమానంగా యుద్ధప్రాప్తిలో వాటా లభించింది.

చిన్న మాటకే కోపం రావడం, ఒళ్లు వాలినా నిద్ర పట్టకపోవడం, తన ఆకలినీ మందులనూ మరచిపోవడం, 'ఇది ఎప్పటికి ముగుస్తుందో' అనుకొని వెంటనే ఏడవడం: ఇవి అలసట ముదిరిన గుర్తులు. వీటిని ఈమాన్ లోపంగా భావించి, మరిన్ని తస్‌బీహ్‌లు చదవమని మేము కూడా ఒకప్పుడు చెప్పినవారమే. రాత్రంతా నఫిల్ నమాజులు చేయబోయిన హజ్రత్ అబూ దర్దా (రజి)ను హజ్రత్ సల్మాన్ (రజి) ఆపి పడుకోమన్నారు, మనిషిపై అతని ప్రాణానికీ హక్కు ఉందన్నారు. ప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. ఏళ్లుగా ఆ హదీసును పాఠంగా చెబుతూనే, దానిని వంటింటి వరకు తీసుకువెళ్లలేదు మేము.

ఆ సోదరికి తౌబా చేసుకొని, అత్తమ్మను క్షమాపణ కోరి, ఆ రాత్రి నిద్రపొమ్మన్నాము. మర్నాడు అన్నదమ్ములను కూర్చోబెట్టాము. రాత్రులు ముగ్గురూ వంతులవారీగా చూడాలి. తినిపించడం, మందులు, దుప్పట్లు ఉతకడం కూడా వారివే. సతర్ దృష్ట్యా స్నానం మాత్రం అదే ఊళ్లో ఉన్న కూతురు వారానికి మూడు రోజులు, మిగతా రోజులు జీతానికి కుదిరిన ఆయా చేయించాలి. ఆ జీతం ముగ్గురూ పంచుకోవాలి. వారానికి ఒక పూర్తి రోజు కోడలిది. పుట్టింటికి వెళ్తుందో, పడుకుంటుందో ఆమె ఇష్టం.

మొన్న పెద్ద కుమారుడు మస్జిదు వద్ద కలిశారు. ఒత్తిగిలించేటప్పుడు తల్లి నొప్పితో మూలుగుతున్నదనీ, చేయి ఎక్కడ వేసి తిప్పాలో తెలియడం లేదనీ అన్నారు. అది మాకూ తెలియదు, మీ ఇంట్లోనే తెలిసినవారు ఉన్నారు, మరదలిని అడగండి అన్నాము.