యాక్సిడెంట్ ఆర్బిట్రేషన్‌లో గెలిచారా.. చేతికి డబ్బులు ఎప్పుడొస్తాయి? ఎంతొస్తాయి?

అమెరికాలో కారు యాక్సిడెంట్ అయింది. తప్పు అవతలివాళ్లదే. కానీ వాళ్లు ఒప్పుకోలేదు. నెలలు గడిచాక ఒకరోజు సొంత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఈమెయిల్.. 'ఆర్బిట్రేషన్‌లో మనం గెలిచాం' అని. అక్కడి తెలుగువాళ్లలో చాలామందికి వెంటనే వచ్చే డౌట్ ఒక్కటే. మరి డబ్బులేవి?

ముందుగా తెలుసుకోవాల్సింది ఏంటంటే, గెలిచింది కారు ఓనర్ కాదు, ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ. కొలిజన్ కవర్ ఉంటే కంపెనీ ముందు రిపేర్ ఖర్చు ఇచ్చేస్తుంది. అందులో డిడక్టబుల్ మాత్రం, అంటే 500 లేదా 1000 డాలర్లు, ఓనర్ జేబులోంచే పోతుంది. ఆ తర్వాత కంపెనీ ఇచ్చిన సొమ్మంతా అవతలి కంపెనీ నుంచి రాబట్టుకునే పనిలో పడుతుంది. బేరం తెగకపోతే కోర్టుకు వెళ్లకుండా ఆర్బిట్రేషన్‌కు వెళ్తారు. అక్కడ ఫొటోలు, పోలీస్ రిపోర్ట్, డాష్‌క్యామ్ వీడియో చూసి ఎవరి తప్పు ఎంత శాతమో తేల్చేస్తారు. ఈ తీర్పుపై మామూలుగా అప్పీలు ఉండదు.

ఆ శాతమే అసలు విషయం. 'గెలిచాం' అంటే 100 శాతం అనుకోవద్దు. అవతలివాళ్ల తప్పు 80 శాతం అని తేలితే, కాలిఫోర్నియా లాంటి చోట్ల 1000 డాలర్ల డిడక్టబుల్‌లో దాదాపు 800 వెనక్కి వస్తుంది. టెక్సస్‌లో సొంత తప్పు 50 శాతం దాటితే పైసా రాదు. వర్జీనియా, నార్త్ కరోలినా, మేరీల్యాండ్‌లో రూల్ మరీ కఠినం. కాస్త తప్పున్నా మొత్తం పోయే ప్రమాదం ఉంది. షార్లెట్, యాష్‌బర్న్ వైపు ఉండే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

డబ్బు ముందు కంపెనీకి చేరుతుంది, అక్కడి నుంచి ఓనర్‌కు చెక్ వస్తుంది. కొన్ని వారాలు పట్టడం మామూలే. నెల దాటినా ఉలుకూపలుకూ లేకపోతే క్లెయిమ్ నంబర్‌తో సబ్రొగేషన్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేయాలి. ఫోన్ తర్వాత ఈమెయిల్ కూడా పెట్టడం మంచిది. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటారు. ప్రాజెక్ట్ మారి డాలస్ నుంచి న్యూజెర్సీకి వచ్చేస్తారు, చెక్ మాత్రం పాత అపార్ట్‌మెంట్‌కు పోతుంది! ఎవరూ క్యాష్ చేసుకోని డబ్బు చివరికి ఆ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర 'అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ' కింద చేరుతుంది. పేరు కొట్టి వెతుక్కునే సౌకర్యం ఉంది, ఫ్రీనే.

ఇక ప్రీమియం. ఆర్బిట్రేషన్ తేలేలోపే 'మీదే తప్పు' అని రాసుకుని రేటు పెంచేసి ఉంటే, తీర్పు వచ్చాక అది దానంతటదే మారుతుందని కూర్చోవద్దు. రికార్డు సరిచేయమని, ఎక్కువ కట్టింది వెనక్కి ఇవ్వమని అడగాలి. క్లెయిమ్‌ల చరిత్ర ఉండే 'క్లూ' రిపోర్ట్‌లో ఇలాంటివి 7 ఏళ్ల వరకు ఉంటాయి. ఏడాదికోసారి దాన్ని ఉచితంగా తెప్పించుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. కారు రిపేర్ గురించి జరిగిన ఆర్బిట్రేషన్ గెలిస్తే మెడనొప్పి, హాస్పిటల్ బిల్లుల కేసు గెలిచినట్టు కాదు. అది పూర్తిగా వేరే క్లెయిమ్. అవతలి కంపెనీ ఈ తీర్పును అక్కడ పట్టించుకోవాల్సిన పని లేదు. పైగా టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో గాయాల కేసు వేయడానికి మామూలుగా 2 ఏళ్లే గడువు. అది లెక్కపెట్టేది యాక్సిడెంట్ రోజు నుంచి, తీర్పు రోజు నుంచి కాదు. ఆర్బిట్రేషన్ కోసం ఏడాదిన్నర ఎదురుచూసినవాళ్లకు మిగిలేది ఆరు నెలలే. ఈలోపు అవతలి కంపెనీ చిన్న చెక్‌తో పాటు 'రిలీజ్' కాగితం పంపితే, లాయర్‌కు చూపించకుండా సంతకం పెట్టకూడదు.