నక్కవాగు నీరు – కాచినా పోని విషం

పటాన్‌చెరు పరిశ్రమల మురుగు ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీరలో కలుస్తూ వచ్చింది. వాగు ఒడ్డు రైతులతో కలిసి డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరీక్షలో, ఇక్కడ శుద్ధిచేసి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు! అటువంటి నీటిలో బ్రతకనేర్చిన క్రిములు మనలో చేరితే మందులు పట్టవు.

కాచితే క్రిములు చస్తాయి గాని రసాయనాలు పోవు. వాగు పక్క బోరు నీరు త్రాగవద్దు.

సంఘ యౌవనస్థులకు మేము చెప్పేది: నీటి రంగు, నురుగు, వాసన మారితే తేదీ, సమయం, చోటు నోటుబుక్కులో రాసి కాలుష్య నియంత్రణ మండలికి తెలపండి. ఒంటరిగా వెళ్లవద్దు, చేతితో నీటిని ముట్టవద్దు.