రంగుల బ్రాకెట్లు



ఆళ్లగడ్డలోని మా యింటఁ గూర్చుండి, నంద్యాలలోని యొక వడ్ల వర్తకునికి లెక్కలు గట్టు ప్రోగ్రామును, అనఁగాఁ గంప్యూటరు నకుఁ జెప్పు నాజ్ఞల వరుసను, వ్రాసితిని. 100 బస్తాలలోఁ దరుగు క్రింద 4 తీసి, మిగిలినదానిని బస్తా ధర 1,500 రూపాయలచే గుణింపవలయును: (100 − 4) × 1,500. రైతునకు 1,44,000 రూపాయలు రావలయును. నేను బ్రాకెట్లను దప్పుచోట నుంచితిని. 100 − (4 × 1,500) అయినది. రైతే 5,900 రూపాయలు బాకీపడినట్లు తేలినది!

ఇంటిలో గది, గదిలోఁ బెట్టె వలె బ్రాకెట్టులో బ్రాకెట్టు చేరినప్పుడు, ఏ మూఁత దేనిదో కంటి కందదు. ప్రోగ్రాములు వ్రాయు పనిముట్టైన విజువల్ స్టూడియో కోడ్ నందు, లోపలికిఁ బోయినకొలఁది బ్రాకెట్ల జతకు రంగు మార్చు నేర్పాటు 2021లో వచ్చినది. అమరికలలో ‘ఎడిటర్ బ్రాకెట్ హైలైట్’ అను పేర నాఱు రంగులను మన కన్నుల కనువుగా మార్చుకొనవచ్చును. జత లేని బ్రాకెట్టునకు వేఱొక రంగు కలదు. ఎఱుపు, ఆకుపచ్చ యొక్కటిగాఁ దోఁచువారు నీలము, నారింజ పెట్టుకొనుట మేలు.

అయినను నా తప్పును రంగు పట్టలేదు. అచట జత సరిగానే యున్నది. రంగు జతను జూపును, న్యాయమును జూపదు. తెలిసిన లెక్క నొకదానిని వేసి, నోటిలెక్కతో సరిచూచుకొనిన పిదపనే రైతు చేతికిఁ జీటీ నీయవలయును.