‘పెచ్చరిల్లు’: అర్థచ్ఛాయ, ప్రయోగ పరిమితి

‘పెచ్చరిల్లు’ క్రియకు ‘అధికమగు’ అని మాత్రమే అర్థం చెబితే సగం చెప్పినట్లే. నేటి వ్యవహారంలో నేరాలు, అవినీతి, ద్వేషం పెచ్చరిల్లుతాయి. దిగుబడి, అక్షరాస్యత పెచ్చరిల్లవు. వ్యాకరణం నిషేధించకపోయినా వాడుక అంగీకరించదు. ప్రాచీన కావ్యప్రయోగాలను ఈ కొలతతో తూచరాదు; ఇక్కడి పరిశీలన ఆధునిక వచనానికే పరిమితం.

ఈ క్రియకు మూలమైన ‘పెచ్చు’, దానికి సాటి అయిన ‘హెచ్చు’ ఒకే మాటకు రెండు రూపాలు. కన్నడంలో ‘పెర్చు’ కాలక్రమాన ‘పెచ్చు’గా, ‘హెచ్చు’గా మారింది. పదాది పకారం హకారం కావడం ఆ భాషలో సుమారు పదో శతాబ్ది నుంచి కనిపించే ధ్వనిపరిణామం. తెలుగులోని పాలు, పులి అక్కడ హాలు, హులి. దేశ్యమైన తెలుగు మాటలకు పదాది హకారం సహజం కాదు కనుక ‘హెచ్చు’ను కన్నడం నుంచి వచ్చినదిగా భావించడం సమంజసం. (గోడకు పెచ్చులూడటంలోని ‘పెచ్చు’ వేరే మాట.) జంటగా నిలిచిన ఈ రూపాలు తెలుగులో పనిని పంచుకున్నాయి. హెచ్చవేత, హెచ్చుతగ్గులు వంటి లెక్కల తావులు ‘హెచ్చు’కు దక్కాయి. ‘పెచ్చు’కు మితిమీరడం మిగిలింది: పెచ్చుమీరు, పెచ్చుపెరుగు, పెచ్చరిల్లు. ఈ నిందాచ్ఛాయ ‘ఇల్లు’ అనే తుదిభాగం నుంచి వచ్చినది కాదు. వర్ధిల్లు, విలసిల్లు, శోభిల్లు అన్నీ శుభార్థకాలే.

వాక్యనిర్మాణంలో ఈ తేడా మరింత స్పష్టం. ‘ధర పది రూపాయలు హెచ్చింది’ అనవచ్చు. ‘పది రూపాయలు పెచ్చరిల్లింది’ అంటే చెవికి ఎబ్బెట్టు. ఈ క్రియ పరిమాణవాచకాన్ని సహించదు. అలాగే ‘ధర హెచ్చించారు’ అన్నప్పుడు కర్త ఉంటాడు. ‘పెచ్చరిల్లజేయు’ అనే ప్రేరణరూపాన్ని కూర్చవచ్చు గాని వాడుకలో అరుదు. అందువల్ల ‘అవినీతి పెచ్చరిల్లింది’ అనే వాక్యంలో ఎంత పెరిగిందన్న లెక్కా ఉండదు, ఎవరు పెంచారన్న ప్రస్తావనా ఉండదు. చెడు తనంతట తానే, కలుపు మొక్కలా పెరిగినట్లు ధ్వనిస్తుంది.

అనువాదకులకు ఇది చిన్న విషయం కాదు. మూలంలో ‘వలసలు వేగంగా పెరిగాయి’ అన్న తటస్థ వాక్యాన్ని ‘వలసలు పెచ్చరిల్లాయి’ అని తెలిగిస్తే, మూలరచయిత చేయని నింద వలస వెళ్ళినవారిపై పడుతుంది. ‘ముమ్మరించు’ ఆ దోషం లేనిది. ‘విజృంభించు’ రెండు వైపులా చెల్లుతుంది: వ్యాధీ విజృంభిస్తుంది, ఆటగాడూ విజృంభిస్తాడు. నిఘంటుకర్త ఈ క్రియకు అర్థంతోపాటు, ఎటువంటి కర్తృపదాలతో కూడుతుందో కూడా ఆరోపంలోనే చూపవలసి ఉంది.